భోగి మంట తప్పించుకున్న ద్వారబంధం: వంటింట్లో పెనాలు తగిలించే చట్రం, పది వారాల డైరీ

జనవరి 14, 2024, భోగి

తెల్లవారుజామున నాలుగున్నరకి అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో వీధి మొగలో మంట వేశారు. మాది విజయనగరం జిల్లా. పాత పెంకుటిల్లు కిందటేడు విప్పేశాం. దూలాలు, వాసాలు అమ్మగా మిగిలిన చెక్కాముక్కా పశువుల శాల పక్కన వానకి నాని పడి ఉంది. మా బావ ఆ కుప్పలోంచి పచ్చరంగు వేసిన కర్ర ఒకటి భుజాన పెట్టుకుని మంట వైపు నడుస్తున్నాడు. అది మధ్యగది ద్వారబంధం నిలువు కర్ర. చిన్నప్పుడు దాన్ని పట్టుకుని వేలాడిన గుర్తు.

"బావా, కాస్త ఆగు" అని కత్తిపీట తెచ్చి అంచు మీద గీశాను. రంగు పొర లేచి కింద తేనె రంగు కనబడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే టేకు వాసన, ఆ నూనె వాసన. అన్నేళ్ళ తర్వాత కూడా అలాగే ఉంది.

"పుచ్చిపోయుంటాదే, పట్టుకెళ్ళి ఏటి చేస్తావు?" అన్నాడు. చివర జానెడు పుచ్చిన మాట నిజమే. మిగతాది గట్టిగా ఉంది. రెండు నిలువు కర్రలూ ఆరున్నర అడుగులవి, మందం నాలుగంగుళాలు, మూడంగుళాలు. కారు పైన కట్టుకుని విశాఖ తెచ్చేశాను. గడప చెక్క కూడా తీసుకోబోతే అమ్మ ఆపింది. "దాన్ని కొయ్యనీకు. పసుపు చూడు" అంది. చూశాను. ఏళ్ళ తరబడి రాసిన పసుపు నరాల్లోకి దిగి, గోటితో గీసినా పసుప్పచ్చగానే ఉంది. దాన్ని కొయ్యను. అలాగే తెచ్చాను.

ఏం చెయ్యాలో ఆ పొద్దున్నే తెలుసు. మా వంటింట్లో పెనాలూ మూకుళ్ళూ గట్టు కింద అరలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. దోశ పెనం బాగా బరువు కాబట్టి అన్నిటికన్నా అడుగున. రోజూ పొద్దున అమ్మ కింద కూర్చుని, పైవన్నీ తీసి, పెనం లాగి, మళ్ళీ పైవి పేర్చి, గట్టు పట్టుకుని లేస్తుంది. అరవై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగాయి. ఆ గిన్నెల చప్పుడు వినబడినప్పుడల్లా పడుకున్న నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

జనవరి 21

ఈ ఆదివారమంతా మేకులకే పోయింది. పాత కర్రలో కనబడని మేకు ఉంటే కోత మిల్లులో రంపం పళ్ళు పోతాయి, అందుకే మిల్లువాళ్ళు పాత కలప అనగానే వద్దంటారు. పాడైన స్పీకర్లోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి, కర్ర పొడవునా అంగుళం అంగుళం నడిపించాను. మేకున్న చోట దారం పక్కకి లాగుతుంది. మొత్తం పదకొండు దొరికాయి. తోరణాలకి కొట్టినవి కొన్ని, పరదా కట్టడానికి కొట్టినవి కొన్ని. తల విరిగి లోపల ఉండిపోయినవాటి చుట్టూ ఉలితో చెక్కి, పటకారుతో తీశాను.

రంగు సంగతి గట్టిగా చెప్పాలి. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని మన దేశంలో నియమం వచ్చింది 2016లో, అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. ఈ తలుపుకి రంగు వేసింది అంతకు ఎన్నో ఏళ్ళ ముందు. అలాంటి రంగు మీద పొడిగా గరుకు కాగితం రుద్దితే ఆ దుమ్మంతా ఇంట్లో పిల్లల చేతుల్లోకి, నోట్లోకి పోతుంది. నీళ్ళు చిలకరించి, తడి మీదే రేకుతో గీకాను. మాస్కు పెట్టుకున్నాను. గీకిన పెచ్చులన్నీ పాత దుప్పటి మీద పడేలా చూసి, మూటగట్టి విడిగా పెట్టాను. భోగి మంటలో ఇలాంటి కర్ర వేస్తే ఆ పొగ పీల్చేది చుట్టూ నిలబడ్డ పిల్లలే. వచ్చే ఏడు ఊళ్ళో ఈ మాట తప్పకుండా చెప్తాను.

జనవరి 28

కొలతలు. ఈ పని మొత్తానికి ప్రాణం ఈ రోజే.

నేను అనుకున్న పద్ధతి మామూలుదే: అమ్మని నిలబెట్టి చెయ్యి పైకెత్తమని, అందిన చోట గీత పెట్టి, దానికి రెండంగుళాలు కింద హుక్కు పెట్టడం. అమ్మ ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. ఖాళీ చెయ్యి ఇబ్బంది లేకుండా ఐదడుగుల పది దాకా వెళ్ళింది. రాసేసుకున్నాను. అప్పుడు ఆవిడే అడిగింది, "చెయ్యి అందితే సరిపోద్దా? పెనం దింపొద్దా?"

పోత ఇనుప పెనం చేతికిచ్చాను. దాని బరువు మూడు కిలోల నూరు గ్రాములు. పిడి పట్టుకుని, గోడ మీద ఉందనుకున్న హుక్కుకి తగిలించినట్టు ఎత్తమన్నాను. ఐదడుగులు దాటేసరికి మణికట్టు వణికింది. పెనం అంచు నుదుటి వైపు వాలింది. కాస్త దించుతూ వచ్చాం. నాలుగడుగుల తొమ్మిది దగ్గర చెయ్యి నిలకడగా నిలబడింది. ఖాళీ చేతికీ బరువున్న చేతికీ తేడా పదమూడు అంగుళాలు. మొదటి కొలతతో చేసి ఉంటే రోజూ పొద్దున్నే మూడు కిలోల ఇనుము అమ్మ తల మీదుగా దిగేది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంది.

అందుకని ఏ గిన్నెకాగిన్నె చేతికిచ్చి విడివిడిగా కొలిచాం. సామాన్లు తూచే హుక్కు కాటా ఇంట్లో ఉంది, బరువులూ రాశాను. దోశ పెనం 3.1, అమ్మ ఇత్తడి బాణలి 3.4, ఇనుప మూకుడు 2.3, చిన్న బాణలి 1.2, చపాతీ పెనం 1.1, నాన్‌స్టిక్ పెనం 0.9, పాలగిన్నె 0.6. అట్లకాడ, జల్లిగరిట, గరిటెలు, జల్లెడ కలిపి 1.7. అన్నీ కలిపి 14.3 కిలోలు. కాగితం మీద చూసేదాకా ఇంత ఉంటుందని అనుకోలేదు.

లెక్క కుదిరింది ఇలా: చట్రం అడుగు అంచు నేల నుంచి ఐదడుగుల నాలుగంగుళాలు. తేలికవాటికి పొట్టి హుక్కులు, బరువువాటికి పొడుగు హుక్కులు. చట్రం పొడవు 42 అంగుళాలు, వెడల్పు 16. వేలాడేది స్టవ్వు మీద కాదు. స్టవ్వు మీద పెడితే నూనె పొగంతా గిన్నెలకి పడుతుంది, పిడులు వేడెక్కుతాయి. ఎల్ ఆకారం గట్టులో పొట్టి వైపు, కిటికీ పక్కన. అక్కడ కూరలు తరిగే పని ఉండదు కాబట్టి ముఖానికి గిన్నెలు అడ్డం రావు. చట్రం ముందు అంచు గట్టు అంచుకి నాలుగంగుళాలు లోపలే ఆగుతుంది. నా ఎత్తు ఐదడుగుల మూడు, నడుస్తూ తల కొట్టుకునే ప్రమాదం లేదు.

ఫిబ్రవరి 4

నిన్న మిల్లు, ఇవాళ చిత్రిక. మేకులన్నీ తీశానని చూపించాక కోసి ఇచ్చారు. ఒక్కో కర్ర రెండు పలకలైంది. చిత్రిక పట్టాక రెండున్నర అంగుళాల వెడల్పు, అంగుళంపావు మందం మిగిలాయి. రెండు పొడుగు కమ్మీలు, ఐదు అడ్డపట్టీలు కోసుకున్నాను. ఇంకా మిగిలింది.

పాత టేకు మీద చిత్రిక నడుస్తుంటే వచ్చే చప్పుడు వేరు. పొర ఒక్క ముక్కగా, ఉల్లిపొర కన్నా పలచగా చుట్టలు తిరిగి లేస్తుంది. దానికి కొంచెం జిడ్డు. నాలుగు పొరలు అమ్మ ఏరి గూట్లో పెట్టుకుంది.

ఫిబ్రవరి 11

అతుకులు. పొడుగు కమ్మీలు రెండూ పడుకోకుండా సన్న అంచు మీద నిలబడతాయి. వాటి పై అంచులో గాళ్ళు కోసి, అడ్డపట్టీల చివరలు సగం మందానికి తగ్గించి అందులో కూర్చోబెట్టాలి. అప్పుడు పైభాగం అంతా ఒకే మట్టంలో ఉంటుంది, బరువు స్క్రూల మీద కాకుండా చెక్క మీదే కూర్చుంటుంది. ఇది ముఖ్యం. స్క్రూ అనేది పక్కకి జరగకుండా పట్టుకోవడానికే.

పది గాళ్ళు. తొమ్మిది బాగా వచ్చాయి. ఆరోది కోసేటప్పుడు రంపాన్ని గీతకి బయటి వైపు నడిపించాను. దాంతో ఒక కాగితం మందం కాదు, అట్టముక్క మందం సందు వచ్చింది. పెన్సిల్ గీతకే అంత మందం ఉంటుంది, అందులో ఏ వైపు కోయాలో చెయ్యి మర్చిపోతుంది. మిగిలిన నాలుగూ పెన్సిల్ మానేసి, మూలమట్టం ఆనించి కత్తి మొనతో గీశాను. కత్తి గీతలో ఉలి అంచు దానంతటదే కూర్చుంటుంది. మొదటి నుంచీ అలా చెయ్యాల్సింది. వదులైన గాడిలోకి అదే చెక్క నుంచి తీసిన పలచటి పొర అంటించి సరిచేశాను. నరం దిశ కలిసేలా పెట్టడం వల్ల ఇప్పుడు వెతికితేగానీ కనబడదు.

ఫిబ్రవరి 18

జిగురు. టేకులో సహజంగానే నూనె ఉంటుంది, ఆ నూనె వల్లే చెద పట్టదు, ఆ నూనె వల్లే జిగురూ సరిగా పట్టదు. అతికించే ముందు, అప్పటికప్పుడు, ఆ భాగాలన్నీ థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడిచాను. ముందురోజు తుడిచిపెట్టుకుంటే లాభం లేదు, నూనె మళ్ళీ పైకి వస్తుంది. తడికి తట్టుకునే రకం జిగురు వాడాను.

అతుకుని నొక్కిపట్టే క్లాంపులు నా దగ్గర రెండే ఉన్నాయి. మిగతాచోట్ల నులక తాడు రెండు చుట్లు తిప్పి, మధ్యలో కర్రముక్క పెట్టి మెలి వేశాను. పట్టు బాగానే వచ్చింది. జిగురు ఆరకముందే కర్ణాలు రెండూ, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరాలు, టేపుతో కొలిచాను. రెండూ సమానమైతేనే చట్రం వంకర లేనట్టు. మూడు మిల్లీమీటర్ల తేడా. పొడుగ్గా ఉన్న కర్ణం రెండు మూలల మీద మెల్లగా నొక్కితే సరిపోయింది. ఆరాక ఇక ఏం చేసినా లాభం ఉండేది కాదు.

స్క్రూలు ఇత్తడివి. ఇనుపవి వేస్తే విశాఖ గాలికి తుప్పు పట్టి, టేకు చుట్టూ నల్ల మరక దిగుతుంది. ఇత్తడి మెత్తన, గట్టి చెక్కలో నేరుగా తిప్పితే తల తెగిపోతుంది. ముందు రంధ్రం, తర్వాత అదే సైజు ఇనుప స్క్రూ ఒకసారి తిప్పి తీసేయడం, ఆఖరికి ఇత్తడి స్క్రూకి సబ్బు రాసి బిగించడం. ఇరవైలో ఒక్కటీ తెగలేదు.

మార్చి 3

గరుకు కాగితం 80, 120, 220 నంబర్లవి, ముతక నుంచి నునుపుకి వరసగా. మూలలు గుండ్రంగా చేశాను. అవిసె నూనె మూడు పూతలు, పూతకీ పూతకీ మధ్య మూడు రోజులు. తూకం వేస్తే చట్రం ఐదు కిలోలకి కాస్త తక్కువ.

నూనె తుడిచిన గుడ్డల గురించి ఒక మాట. వాటిని ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండలోపల ఆ వేడి బయటికి పోలేక, నిప్పు తగలకుండానే గుడ్డ అంటుకుంటుంది. నేను బాల్కనీలో ఒక్కొక్కటీ విడిగా పరిచి, పూర్తిగా బిరుసెక్కాక, నీళ్ళలో తడిపి పారేశాను.

మార్చి 9

శివరాత్రి నిన్న. జాగారం చేసిన కళ్ళతో డ్రిల్లు పట్టకూడదని మధ్యాహ్నం దాకా పడుకుని, అప్పుడు మొదలుపెట్టాను.

నా మొదటి ఆలోచన అటక నుంచి వేలాడదీయడం. దగ్గర్లో ఉంటుంది, గొలుసు పొట్టిగా సరిపోతుంది. పక్క వీధిలో కడుతున్న ఇంటి మేస్త్రి గారిని తీసుకొచ్చి చూపిస్తే ఒప్పుకోలేదు. "అటక మూడంగుళాలమ్మా. గోడలోంచి బయటికి చెయ్యి చాచినట్టు నిలబడింది. దాని మీద పెట్టే సామానుకే లెక్క వేసి పోస్తాం. అంచుకి బరువు కట్టొద్దు. శ్లాబుకి వెళ్ళండి" అన్నారు. శ్లాబు ఐదంగుళాలు. నేల నుంచి తొమ్మిదడుగుల ఐదంగుళాల ఎత్తు. అంటే గొలుసులు దాదాపు నాలుగడుగులు. పొడవు పెరిగితే ఊపు పెరుగుతుంది, దానికి మందు తర్వాత చూసుకోవచ్చనుకున్నాను.

శ్లాబులో రెండు భయాలు: ఇనుప చువ్వలు, కరెంటు పైపులు. గోడలో పైపులు నిటారుగా దిగుతాయి కానీ శ్లాబులో అలా ఉండవు. లైటు పెట్టె నుంచి పెట్టెకి దగ్గర దారిలో, అడ్డదిడ్డంగా కూడా పరిచేస్తారు. లోహం, కరెంటు కనిపెట్టే చిన్న పరికరం అద్దెకి తెచ్చాను. చూశాక కూడా మెయిన్ ఆపేసి, కింది ఫ్లోర్ నుంచి పొడుగు వైరు లాగి డ్రిల్లు నడిపాను. మా ఆయన నిచ్చెన పట్టుకున్నారు.

గోడలకి వాడే ప్లాస్టిక్ గుల్లలు పైకప్పుకి పనికిరావు. గోడ మీద బరువు కిందికి తోస్తుంది, గుల్ల దాన్ని అడ్డుకుంటుంది. పైకప్పులో బరువు గుల్లని నేరుగా బయటికి లాగుతూనే ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ ప్లాస్టిక్ సాగుతుంది. బిగించేకొద్దీ లోపల విచ్చుకునే ఇనుప యాంకర్లు కావాలి. నేను తీసుకున్నవి కొక్కెంతో కలిసి వచ్చే స్టెయిన్‌లెస్‌వి. రంధ్రం 12 ఎంఎం, లోతు 60. బిట్టు మీద 60 దగ్గర కరెంటు టేపు చుట్టాను. ఖాళీ పెరుగు డబ్బా అడుగున బెజ్జం పెట్టి బిట్టుకి తొడిగితే రాలే దుమ్ము సగం అందులోనే పడింది. కళ్ళజోడు మాత్రం తప్పదు.

మొదటి రెండూ బాగా దిగాయి. మూడోది అంగుళం దాటగానే శబ్దం మారింది. అప్పటిదాకా గరగరమన్నది ఒక్కసారి కీచుమంది. దుమ్ము ఆగిపోయింది. చువ్వ. వెంటనే ఆపేశాను. ఇంకాస్త గట్టిగా నొక్కితే దిగుతుందేమో అనిపించే క్షణం అదే, అక్కడ చెయ్యి తీసేయాలి. శ్లాబుని మోసేది ఆ చువ్వే. పాడైన రంధ్రం లోతుకి రెండింతలైనా పక్కకి జరగాలి కాబట్టి రెండున్నర అంగుళాలు జరిగి కొత్తది వేశాను. పాతదాన్ని కుంచించుకుపోని సిమెంటుతో పూడ్చాను. ఆ గొలుసు ఇప్పుడు పిసరంత ఏటవాలుగా ఉంటుంది. నాలుగడుగుల పొడవులో అది లెక్కలోకి రాదు.

యాంకర్ పెట్టే ముందు రంధ్రంలో దుమ్ము బ్రష్షుతో, గాలి పంపుతో రెండుసార్లు ఊదాను. దుమ్ము ఉంటే యాంకర్ కాంక్రీటుని పట్టుకోదు, దుమ్మునే పట్టుకుంటుంది.

మార్చి 16, 17

బరువు పరీక్ష. గిన్నెలు, చట్రం, గొలుసులు, హుక్కులు అన్నీ కలిపితే 21 కిలోలు దాటుతుంది. నాలుగు గొలుసులున్నాయి కదా, ఒక్కోదానికి ఐదు అనుకోకూడదు. గట్టి చట్రాన్ని నాలుగు చోట్ల వేలాడదీస్తే వెంట్రుకవాసి తేడాకే ఒక గొలుసు వదులైపోతుంది, ఒక్కోసారి ఎదురెదురు మూలల్లో రెండే మొత్తం మోస్తాయి. కాబట్టి ఏ రెండు గొలుసులైనా అంతా మోయగలగాలని లెక్క వేసుకోవాలి.

చట్రం కట్టి, కింద గట్టు మీద పరుపు పరిచి, పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు తగిలించాం. పెట్టబోయే గిన్నెలకి మూడింతలకి పైగా. టేపుతో నేల నుంచి ఎత్తు రాసుకున్నాం. రాత్రి ఒంటిగంటకి లేచి చూశాను. కుడివైపు మూల అరంగుళం దిగింది. గుండె ఆగినంత పనైంది. యాంకర్ల మీద గీసిన రంగు గీతలు చూస్తే ఏవీ కదల్లేదు. దిగింది మట్టం సరిచేసే టర్న్‌బకిల్. గొలుసు మెలి విప్పుకుంటూ దాన్ని కూడా తిప్పేసింది. పొద్దున్నే నాలుగింటికీ మధ్యలోంచి స్టెయిన్‌లెస్ తీగ పోనిచ్చి, తిరగకుండా ముడివేశాను. మళ్ళీ బస్తాలు, మళ్ళీ ఒక పగలూ రాత్రీ. మొదటి గంటలో రెండు మిల్లీమీటర్లు దిగి సర్దుకుంది. తర్వాత ఏమీ లేదు.

ఊపుకి మందు: వెనక కమ్మీకి రెండు చెక్క దిమ్మలు బిగించి, చివర్లకి రబ్బరు అంటించాను. అవి గోడకి ఆనుతాయి. గోడకి వేసిన చిన్న కొక్కేలతో వాటిని కట్టేశాను. వెనక బరువంతా గోడకే వేసెయ్యొచ్చు కదా అని మా ఆయన అడిగారు. అది నాలుగంగుళాల ఇటుక గోడ, లోపల కుళాయి పైపు కూడా ఉంది. బరువు వద్దు, ఆనుకుంటే చాలు.

మార్చి 24

హుక్కులు స్టీలు పని చేసే షాపులో నా కొలతకి వంచి ఇచ్చారు. కమ్మీ మీద గుర్రమెక్కినట్టు కూర్చుంటాయి, అడ్డపట్టీల మధ్య ఎటైనా జరుపుకోవచ్చు. ఆరు పొట్టివి, మూడు పొడుగువి.

చిన్నప్పుడు ఇదే ద్వారబంధం లోపలి గదిలో, దూలానికి ఉట్టి వేలాడేది. పిల్లికీ చీమలకీ అందకుండా అందులో పెరుగు కుండ, వెన్న గిన్నె. అప్పట్లో అమ్మమ్మ చేతి ఎత్తుకి సరిపోయేలా ఉట్టి తాడుకి ముడి వేసింది మా తాత అని అమ్మ ఇవాళే చెప్పింది. పెళ్ళయిన కొత్తలో ఎక్కువ ఎత్తులో కట్టారట, అమ్మమ్మ ఏమీ అనకుండా పీట వేసుకుని తీసుకునేదట. ఒకరోజు చూసి, తాడు విప్పి, కిందికి కట్టారట.

ఏప్రిల్ 9, ఉగాది

రెండు వారాల వాడకం తర్వాత మార్పులు రెండు. నాన్‌స్టిక్ పెనం వారానికోసారే వాడతాం. వాడనిదాని మీద నూనె జిడ్డు, దుమ్ము పేరుకుంటున్నాయి. దాన్ని కిందికి దించేశాం. రోజూ చెయ్యి పడేవే పైన ఉండాలి. దోశ పెనాన్ని కడిగాక స్టవ్వు మీద ఆరబెట్టి, నూనె గుడ్డ రాసి తగిలిస్తున్నాం. అరలో ఉన్నప్పుడు దాని వెనక ఎప్పుడూ తుప్పు చారలు ఉండేవి, ఇప్పుడు గాలి తగిలి పొడిగా ఉంటోంది.

దోశ పెనం హుక్కు ఇంకో అంగుళం దించమంది అమ్మ. పొడుగు హుక్కు ఒకటి మళ్ళీ వంచమని ఇచ్చాను, శనివారం వస్తుంది. గడప చెక్క కిటికీ కింద నిలబెట్టి ఉంది. ఇవాళ పొద్దున అమ్మ దానికి కొత్త పసుపు రాసి, బొట్లు పెట్టి, పైనుంచి పెనం దింపుకుని అట్లు పోసింది. గిన్నెల చప్పుడు వినబడక నాకు ఏడున్నర దాకా మెలకువ రాలేదు.